‘సరికొత్త అనుభూతి’ సరే, బాబిన్ కేసు యాడ?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు ఒకే బాధ. ఆన్‌లైన్లో వస్తువు కింద రాసిన వివరం చదివి కొన్నాం, ఇంటికొచ్చినదానికీ ఆ రాతకూ పొంతన లేదు, అడిగితే ‘అది ఏఐ రాసింది’ అంటున్నారు అని. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నా, అమ్మినవాళ్ల పేర్లూ సైట్ల పేర్లూ తీసేశా. కొత్తగా చదివేవాళ్లకు ఒక మాట: నేను లాయర్ని కాదు, కంప్యూటర్ మనిషినీ కాదు. అనంతపురంలో టవర్ క్లాక్‌కు దగ్గర్లో పద్దెనిమిదేళ్లు పాత సామాన్ల అంగడి నడిపినవాణ్ణి.

ప్రశ్న: అన్నా, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పాత మిషన్ మూలబడితే ఆన్‌లైన్లో 4,800 పెట్టి ఒక సెకండ్ హ్యాండ్ కుట్టు మిషన్ కొన్నాను. కింద ఇరవై లైన్ల వివరం ఉంది. ‘ఇది కేవలం కుట్టు మిషన్ కాదు, మీ సృజనాత్మకతకు తోడు’ అట, ‘ప్రతి కుట్టులో నమ్మకం, ప్రతి మలుపులో సరికొత్త అనుభూతి’ అట. వచ్చాక విప్పి చూస్తే కింది దారం పెట్టే బాబిన్ కేసు లేదు, చక్రం బెల్టు తెగి ఉంది. జిగ్‌జాగ్ కుట్టు కూడా పడుతుందని రాశారు, ఇది ఉత్త నేరు కుట్టు మిషన్. సెల్లర్‌కు మెసేజ్ పెడితే ‘వివరం ఏఐ రాసింది, మీరు ఫొటో చూసుకొని కొనాల్సింది’ అన్నాడు. పైగా ‘మీరు కుట్టి సంపాదించుకోవడానికి కొన్నారు, అది వ్యాపారం, మీరు కన్స్యూమర్ కిందికి రారు’ అని కూడా అన్నాడు. తప్పు నాదేనా?
– కమలానగర్, అనంతపురం

జవాబు: తప్పు మీది కాదక్కా. ముందు ఆ ఇరవై లైన్లు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో చెప్తా, అప్పుడు వాడికి ఏం జవాబు చెప్పాలో మీకే తెలుస్తుంది.

2023లో ఈబే, అమెజాన్ లాంటి పెద్ద సైట్లు సెల్లర్ల కోసం ఒక కొత్త సదుపాయం పెట్టాయి. సెల్లర్ వస్తువు పేరు కొట్టి, అది ఏ రకమో ఎంచుకొని, రెండు మూడు ముక్కలు చెప్పి బటన్ నొక్కితే చాలు, పేరాలకు పేరాలు తయారు. ఇప్పుడు అలాంటి బటన్ లేని చోటు వెతుక్కోవాలి. రాసే ఆ యంత్రం మీ మిషన్‌ను చూడదు, తొక్కదు, సూదిలో దారం ఎక్కించదు. కుట్టు మిషన్ల గురించి లోకంలో జనం రాసిందంతా మింగి కూర్చుంది కాబట్టి, ‘కుట్టు మిషన్’ అన్న మాట వెంబడి మామూలుగా ఏ మాటలు వస్తాయో అవే పేర్చుకుంటూ పోతుంది. చాలా మిషన్ల గురించి రాసేటప్పుడు జిగ్‌జాగ్ అనే మాట వస్తుంది, అందుకని మీదానికీ తగిలించింది. బాబిన్ కేసు లేదన్న సంగతి సెల్లర్ చెప్పలేదు, ఇక దానికి తెలిసే దారి ఏది? అది అబద్ధం చెప్పాలని చెప్పలేదు, నిజం చెప్పాలనీ చెప్పలేదు. ఖాళీ కనిపించింది, నింపింది.

కానీ బటన్ నొక్కింది ఎవరు? వచ్చిన రాతను ఒకసారి కూడా చదవకుండా పైకెక్కించింది ఎవరు? డబ్బు ఎవరి ఖాతాలో పడింది?

మా అంగట్లో ఒక టేబుల్ ఫ్యాను నెలల తరబడి పడి ఉండేది. వచ్చినవాళ్లకల్లా మా కుర్రాడు ‘సూపర్ కండిషన్ సార్’ అనేవాడు, వాళ్లు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. ఒకరోజు నేనే అట్టముక్క మీద ‘తల తిరగదు, మూడో నంబరులో కొంచెం మోత, రెండులో బాగా వస్తుంది, వైరు కొత్తది వేశాం’ అని రాసి తగిలించా. సాయంత్రానికి పోయింది. కొన్నాయన ‘నాకు తల తిరగక్కర్లేదు, మంచం పక్కన పెట్టుకుంటా’ అన్నాడు. వస్తువును చేత్తో పట్టుకున్నవాడికి ముందు దాని లోపం కనిపిస్తుంది, దాచిపెట్టినా మాటల్లో ఎక్కడో ఒక చోట బయటపడుతుంది. ఇరవై లైన్లలో ఒక్క గీత, ఒక్క తుప్పు మరక కూడా లేని పాత మిషన్ అంటే, ఆ ఇరవై లైన్లు రాసేటప్పుడు దాని దగ్గర ఎవరూ లేరన్నమాట.

ఇక చట్టం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జులైలో ఈ-కామర్స్ రూల్స్ వచ్చాయి. ప్రకటనలో చెప్పిన గుణాలూ సదుపాయాలూ వస్తువుకు లేకపోతే, సెల్లర్ దాన్ని వెనక్కి తీసుకోనని గానీ డబ్బు ఇవ్వనని గానీ అనడానికి వీల్లేదని ఆ రూల్స్‌లో ఉంది. వివరం మనిషి రాశాడా, యంత్రం రాసిందా, సెల్లర్ బావమరిది రాశాడా అని అక్కడ ఎవరూ అడగరు. మీరు కన్స్యూమర్ కాదన్నాడే, ఆ మాట కూడా తప్పే. తిరిగి అమ్ముకోవడానికో వ్యాపారానికో కొన్నవాళ్లను చట్టం పక్కన పెట్టింది నిజమే, కానీ సొంత కష్టంతో బతుకుదెరువు కోసం కొనుక్కున్నవాళ్లను లోపలే ఉంచింది. ఇంట్లో జాకెట్లు కుట్టుకునే మీలాంటివాళ్ల కోసమే ఆ ముక్క అనుకోండి.

ఒక్క మెలిక ఉంది. అమ్మినతను షాపు పేరుతో ఎప్పుడూ అమ్ముతూ ఉండేవాడైతేనే ఈ రూల్స్ వర్తిస్తాయి. ఇంట్లో ఒక మిషన్ అడ్డంగా ఉందని అమ్ముకున్న మామూలు మనిషి మీద ఇవి పనిచేయవు. మీరు పంపిన బిల్లులో షాపు పేరుంది కాబట్టి మీకు ఆ బాధ లేదు.

ఈరోజే చేయాల్సింది: ఆ వివరం మొత్తం స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి, తేదీ కనిపించేలా. గొడవ మొదలైందని తెలియగానే జిగ్‌జాగ్ అన్న మాట అక్కణ్ణుంచి మాయమవుతుంది, నేను చూశాను. బాబిన్ కేసు ఉండాల్సిన చోటు, తెగిన బెల్టు దగ్గర నుంచి ఫొటోలు తీయండి. సైట్‌లో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ అని ఒకరి పేరూ ఫోనూ ఉండి తీరాలి, వాళ్లకు రాయండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే 1915కు ఫోన్ చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, సెల్లర్ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరున్న ఊళ్లోనే వేయొచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. రెండేళ్ల లోపు వేయాలి. అంతదాకా పోదులెండి, కమిషన్ అన్న మాట వినగానే సగం మందికి జ్ఞానోదయం అవుతుంది.

ప్రశ్న: సార్, శెనక్కాయ చేనుకు మందు కొట్టడానికి బ్యాటరీ స్ప్రేయర్ చూస్తున్నా. సైట్‌ను తెలుగులో పెట్టుకుంటే ఇట్లా వస్తోంది: ‘కాంతి బరువు. ఆరోపణ: 5 గంటలు. ప్రస్తుత: 1.7. ముక్కు 4 ఉచితం.’ ఆరోపణ ఎవరి మీద? ముక్కులు నాలుగు ఎందుకు? ఇంకోటి, పట్టికలో బ్యాటరీ 8 అని, కింద పేరాలో 12 అని ఉంది. ఏది నమ్మాలి?
– కళ్యాణదుర్గం దగ్గర పల్లె

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదివి ఆఫీసులో అందరం నవ్వుకున్నాం, క్షమించాలి. ఆరోపణ అంటే ఛార్జింగ్, ఎవరి మీదా కేసు లేదు. కాంతి బరువు అంటే తేలిక అని. ప్రస్తుత అంటే కరెంటు, అంటే ఛార్జర్ 1.7 ఆంపియర్లు ఇస్తుందని. ముక్కులు నాజిళ్లు, నాలుగు రకాలు ఊరికే ఇస్తారట. ఇంగ్లిషులో యంత్రం రాసిందాన్ని ఇంకో యంత్రం తెలుగు చేస్తే ఇట్లాగే ఉంటుంది. తెలుగువాళ్ల కోసమని పెట్టారు, పెట్టే ముందు ఒక్క తెలుగువాడికి చూపించలేదు.

నవ్వు ఆపి మీ రెండో ప్రశ్నకు వస్తే, అసలు డబ్బుల సంగతి అందులోనే ఉంది. ఆ 8, 12 అనేవి ఆంపియర్ అవర్లు, అంటే బ్యాటరీ ఎంత ఛార్జింగ్ పట్టుకుంటుందో చెప్పే అంకెలు. 12 వోల్టుల బ్యాటరీ 8 ఆంపియర్ అవర్లదైతే 96 వాట్ అవర్లు, 12 ఆంపియర్ అవర్లదైతే 144. ఒకటిన్నర రెట్లు. అదే మోటారుకు 8ది నాలుగు గంటలు వస్తే 12ది ఆరు వస్తుంది, చేను మధ్యలో ఆగిపోతే ఇంటిదాకా మోసుకురావడం మీకు తెలియనిదేం కాదు. పట్టిక, పేరా కొట్టుకుంటున్నప్పుడు నేనైతే పేరాను అసలు లెక్కలోకే తీసుకోను, ఎందుకంటే పట్టికలో ఎవరో ఒకరు అంకె కొట్టాలి, పేరా దానంతటది పుడుతుంది. అయినా పట్టికనూ పూర్తిగా నమ్మొద్దు. ‘బ్యాటరీ మీది స్టిక్కర్ ఫొటో పంపండి’ అని సెల్లర్‌ను అడగండి. పంపితే కొనండి. ‘మా ఉత్పత్తి అత్యుత్తమ నాణ్యత కలది’ అని జవాబొస్తే అది కూడా యంత్రమే, వదిలేయండి.

ఇంకో చిన్న మాట. ప్యాకెట్ సామాన్లకు 2018 నుంచి ముఖ్యమైన వివరాలు సైట్ మీద కూడా చూపించాలి: తయారుచేసినవాళ్ల పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, ఏ దేశం నుంచి వచ్చిందో. పేరా నిడివి ఎంతున్నా ఇవి లేకపోతే నేను ముందుకు పోను.

ప్రశ్న: అక్క కూతురి పెళ్లికని ఆన్‌లైన్లో ‘ధర్మవరం పట్టు’ చీర 1,199కి తెప్పించాను. ‘తరతరాల నేత కళాకారుల చేతుల్లో పురుడు పోసుకున్న స్వచ్ఛమైన పట్టు’ అని రాశారు. మా అత్తమ్మ పట్టుకొని చూసి ‘ఇది పట్టు అయితే నేను పట్టపురాణిని’ అనింది. ఎలా తేల్చుకోవాలి?
– ఎర్రముక్కపల్లి, కడప

జవాబు: మీ అత్తమ్మకు నా నమస్కారాలు చెప్పండి. ఇక మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో చిట్టచివర, ‘ఇంకా చూడండి’ అని నొక్కితే వచ్చే పట్టికలో, ‘ఫ్యాబ్రిక్: ఆర్ట్ సిల్క్’ అని ఉంది, చూశారా? ఆర్ట్ అంటే కళ అనుకుంటారు చాలామంది. అది ఆర్టిఫిషియల్‌కు పొట్టిపేరు. అంటే సెల్లర్ నిజం ఒక మూల చెప్పాడు, దాని పైన యంత్రం పది లైన్ల కళాకారుల కథ అల్లింది. ధర్మవరం అన్న మాట కనపడగానే పట్టు, తరతరాలు, మగ్గం అన్నీ వెంట వచ్చేస్తాయి దానికి. మన ధర్మవరం పట్టుకు భౌగోళిక గుర్తింపు ఉంది, ఆ పేరు ఎవడికి పడితే వాడికి వాడుకోవడానికి కాదు. మగ్గం మీద రోజుల తరబడి కూర్చుంటే గానీ ఒక చీర దిగదు, ఆ పట్టునూలుకే 1,199 చాలదు.

తేల్చుకోవడానికి పాత పద్ధతే. కొంగు చివర కుచ్చుల నుంచి ఒకటి రెండు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని వెలిగించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి ముడుచుకొని గట్టి పూసలా మిగులుతుంది. అడ్డం పోగు, నిలువు పోగు రెండూ చూడండి, ఒకటి పట్టు ఒకటి కాకుండా నేసేవి కూడా ఉన్నాయి. ఈసారి కొనేటప్పుడు మాత్రం సిల్క్ మార్క్ లేబుల్ ఉందా అని అడగండి. సెంట్రల్ సిల్క్ బోర్డు అండతో 2004 నుంచి నడుస్తున్న గుర్తు అది, చీరకే వేలాడుతూ హోలోగ్రామ్‌తో ఉంటుంది. ‘సిల్క్ ఫీల్’, ‘సిల్క్ టచ్’, ‘సాఫ్ట్ సిల్క్’ అనేవి ఏ గుర్తులూ కావు, ఉత్త మాటలు.

‘పట్టికలో ఆర్ట్ సిల్క్ అని రాశాంగా’ అని సెల్లర్ తప్పించుకోబోతాడు. పైన పెద్ద అక్షరాల్లో స్వచ్ఛమైన పట్టు అని పెట్టి కింద మూలన వేరే రాస్తే, కొన్నవాళ్లు పైదే నమ్ముతారు, మీరు ఆ రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి పంపండి. పెళ్లికి ఇంకా టైముంటే ధర్మవరం పోయి రండి, కడప నుంచి పొద్దున బయల్దేరితే రాత్రికి ఇంట్లో ఉంటారు.

ప్రశ్న: ఏది ఏఐ రాసిందో ఏది మనిషి రాసిందో కనిపెట్టడానికి చిట్కా ఉందా? హాస్టల్‌కు పాత ల్యాప్‌టాప్ కొనాలి.
– సి.క్యాంప్, కర్నూలు

జవాబు: కొన్నిసార్లు అదే చెప్పేస్తుంది తమ్ముడూ. 2024 జనవరిలో అమెజాన్‌లో కొన్ని వస్తువుల పేర్ల స్థానంలో ‘క్షమించండి, ఈ కోరిక తీర్చలేను, ఇది ఓపెన్‌ఏఐ నియమాలకు విరుద్ధం’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు వాక్యాలు కనిపించాయి (ఓపెన్‌ఏఐ అంటే చాట్‌జీపీటీ కంపెనీ), వాటిలో ఒక సొరుగుల బీరువా కూడా ఉంది. అంటే యంత్రం కుదరదన్న మాటను కూడా చదవకుండా తీసుకెళ్లి పేరుగా పెట్టేశారు. అంత అదృష్టం రోజూ దొరకదు. నన్నడిగితే ఎవరు రాశారో కనిపెట్టడం మీద టైం పెట్టొద్దు, ఇప్పుడు మనుషులు కూడా అలాగే రాయడం నేర్చుకున్నారు. వస్తువు చేతిలో ఉన్నవాడే చెప్పగలిగే ఒక ప్రశ్న వేయండి. ల్యాప్‌టాప్ అయితే ‘ఫుల్ ఛార్జింగ్ పెట్టి, ఒక వీడియో వేసి వదిలితే ఎంతసేపటికి ఆగింది? మూత అతుకు దగ్గర ఫొటో, ఈరోజు పేపర్ పక్కన పెట్టి తీయండి’ అని. రివ్యూలలో అయిదు చుక్కలవి దాటేసి మూడు చుక్కలవి చదవండి, కోపం చల్లారాక రాసినవాళ్లు అక్కడ ఉంటారు. పైన ఏఐ చేసి పెట్టే ‘కొనుగోలుదారుల అభిప్రాయం’ అన్న ముద్దను చదవకపోయినా నష్టం లేదు.

ప్రశ్న: పాత ఇత్తడి, రాగి సామాన్లు ఆన్‌లైన్లో అమ్ముతాను. నాకు ఇంగ్లిషు రాదు, ఏఐ రాసి పెడుతోంది కాబట్టే బయటి రాష్ట్రాలవాళ్లు కొంటున్నారు. మీ పత్రికలో మమ్మల్ని దొంగల్లాగా రాస్తారేమోనని భయంగా ఉంది. పోయిన నెల ఒక సొట్ట బిందెను అది ‘రాజవంశపు వారసత్వ కళాఖండం’ అని రాసింది, కొన్నామె తిట్టి తిప్పి పంపింది, రానూపోనూ కొరియర్ నాకే పడింది.
– ఆదోని

జవాబు: లేదు సామీ, మిమ్మల్ని దొంగ అనడం లేదు. ఇంగ్లిషు రాకపోవడం నేరం కాదు, నాకూ అంతంత మాత్రమే. యంత్రం చేత తర్జుమా చేయించుకోండి, రాయించుకోవద్దు. తేడా ఏమిటంటే, ముందు మీరు తెలుగులో ఫోన్‌లో చెప్పినట్టు నాలుగు ముక్కలు రాయాలి. ఆ బిందెకు నేనైతే ఇలా రాసేవాణ్ణి:

‘ఇత్తడి బిందె. ఖాళీది 3 కిలోల 200 గ్రాములు. మూతి పక్కన బొటనవేలు పట్టేంత సొట్ట. అడుగున ఒక మాటు వేసి ఉంది, రాత్రంతా నీళ్లు నింపి పెట్టి చూశాను, కారలేదు. లోపల చింతపండుతో తోమాను, బయట తోమలేదు, ఆ నలుపు అట్లాగే ఉంచాను. ఎన్నేళ్లదో తెలియదు, ఆదోనిలో ఒక ఇంటివాళ్లు అమ్మితే కొన్నాను.’

దీన్నిచ్చి ‘ఇందులో లేని మాట ఒక్కటి కూడా కలపకుండా ఇంగ్లిషులో పెట్టు’ అని చెప్పండి. వచ్చినదాన్ని చదివించుకొని అంకెలు సరిపోయాయా, సొట్ట ఉందా లేదా చూసుకోండి, ఎందుకంటే దానికి సొట్టలంటే పడదు, వీలు దొరికితే ‘కాలం మిగిల్చిన అందమైన గుర్తులు’ అని మార్చేస్తుంది. మీకు ఆ సొట్ట వల్ల కొందరు కొనకపోవచ్చు, ఆ కొననివాళ్లే తిప్పి పంపేవాళ్లు, కొరియర్ డబ్బు మిగిలినట్టే కదా. ‘నలుపు తోమలేదు’ అన్న ముక్క మాత్రం తీయొద్దు, పాత ఇత్తడి కొనేవాళ్లలో దాని కోసమే వెతికేవాళ్లు ఉంటారు.

ఈ పేజీ అచ్చుకు పోయే ముందు కమలానగర్ అక్క మళ్లీ ఫోన్ చేశారు. గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసిన ఆరో రోజు 4,800 వెనక్కి పడిందట, కానీ మిషన్ తీసుకుపోవడానికి ఎవరూ రాలేదట, అడిగితే జవాబు లేదట. ‘అన్నా, బాబిన్ కేసు బజార్లో దొరుకుతుంది, వేసుకొని కుట్టుకోనా?’ అన్నారు. వద్దక్కా. వచ్చి తీసుకుపొమ్మని తేదీ వేసి ఒక మెసేజ్ పెట్టండి, దాన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, మిషన్ మీద దుప్పటి కప్పి పక్కన పెట్టండి. బాబిన్ కేసు అప్పుడే కొనొద్దు.